గేర్ పళ్ళకి బార్క్‌హౌజెన్ మీటర్ వచ్చాక నైటల్ తొట్టి ఇంకా అవసరమా?

గేర్‌షాపు: కేస్ హార్డెన్ చేసిన (పైపొర గట్టిపరిచిన) గేర్లు గ్రైండింగ్‌లో కాలాయేమోనని ఇన్నాళ్ళూ నైటల్‌లో, అంటే నైట్రిక్ యాసిడ్ కలిపిన ఆల్కహాల్‌లో, ముంచి చూస్తున్నాం. ఇప్పుడు బార్క్‌హౌజెన్ మీటర్ కొన్నారు, యాసిడ్ తొట్టి తీసేయమంటున్నారు. తీసేయొచ్చా?

లోహమిత్ర: నిక్షేపంగా. ఉక్కులో అయస్కాంత డొమైన్లుంటాయి, అంటే ఒక్కోటీ ఒక్కో దిక్కుకి అయస్కాంతమైన చిన్న చిన్న భాగాలు. అయస్కాంత క్షేత్రం మారుస్తుంటే వాటి సరిహద్దులు సాఫీగా జరగవు, అడ్డుపడిన చోటల్లా ఆగి దూకుతాయి. ఆ దూకుళ్ళు కాయిల్లో చిటపటలుగా వినపడతాయి, మీటర్ కొలిచే నాయిస్ అదే. 1919లో జర్మన్ శాస్త్రవేత్త బార్క్‌హౌజెన్ బయటపెట్టింది ఇదే. వేడికి పన్ను మెత్తబడినా, లాగుడు ఒత్తిడి మిగిలినా నాయిస్ పెరుగుతుంది. ఆ ఒత్తిడి నైటల్‌కి కనపడనే కనపడదు.

పాతషిఫ్ట్: మరీ ఎక్కువ కాలి మళ్ళీ గట్టిపడిన చోటో? అక్కడ నాయిస్ పడిపోతుంది. నైటల్‌లో అయితే తెల్ల మచ్చ, చుట్టూ నల్లటి అంచు. కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుంది.

లోహమిత్ర: ఆ నల్ల అంచు మెత్తబడిన భాగమే కదండీ. మీటర్ ప్రోబ్‌ని (పన్నుకి ఆనించే భాగాన్ని) పన్ను పొడవునా లాగితే అక్కడ రీడింగ్ ఎక్కుతుంది. ఒకేచోట ఆనించి తీసేస్తేనే తప్పిపోతుంది.

సానరాయి: మా ప్రోబ్ మొన అరిగి రీడింగులు తగ్గాయి. మూడు రోజులు ఎవరూ చూసుకోలేదు.

పాతషిఫ్ట్: తెల్ల మచ్చ మీద నాయిస్ తగ్గుతుందా లేదా? అది చెప్పండి.

లోహమిత్ర: తగ్గుతుంది. ఆ ఒక్క మచ్చ పట్టుకుని ఎన్నిసార్లు అడుగుతారు? రోజంతా యాసిడ్ ఆవిరి పీల్చే కుర్రాళ్ళ సంగతి మీకు పట్టదా?

పాతషిఫ్ట్: ఆవిరి గురించి నాకు చెప్పకండి. పద్నాలుగేళ్ళు ఆ తొట్టి దగ్గరే నిలబడ్డాను. ఇంతకుముందు చేసిన చోట మీటర్ పాస్ చేసిన లాట్ కస్టమర్ దగ్గర పళ్ళు ఊడింది. ఆ బ్యాచ్‌కి హీట్ ట్రీట్‌మెంట్ మార్చారు, గేర్లు ముందుకంటే గట్టివి, నాయిస్ మొదటే తక్కువ. కాలినా, ఇంత దాటితే కాలినట్టు అని పెట్టుకున్న పాత లిమిట్ దాటలేదు. లిమిట్ ఎవరు పెట్టారని ఒక్కరూ అడగలేదు. రిపోర్టు మీద సంతకం నాది, పోయిన ఇంక్రిమెంటూ నాదే. నైటల్ అయితే మచ్చ చూపించి లాట్ ఆపేవాణ్ణి. పాస్ అన్న అంకె పట్టుకుని ఏమని ఆపను?

లోహమిత్ర: ఇది మొదటే చెప్పుంటే ఇంత గొడవ పడేవాళ్ళం కాదు. గ్రేడ్ మారినా, హీట్ ట్రీట్‌మెంట్ మారినా లిమిట్ మళ్ళీ కట్టాల్సిందే. మంచి పీసులు, కావాలని కాల్చిన పీసులు పక్కపక్కన పెట్టి, నైటల్‌తో సరిచూసుకుని కట్టాలి. అంటే తొట్టి ఉండాలి. అంతవరకు మీ మాటే నా మాట. రోజూ ప్రతి గేరూ ముంచడానికి మాత్రం ఒప్పుకోను.

పాతషిఫ్ట్: లిమిట్ కట్టినవాడు కూడా సంతకం పెట్టాలి. అది ఒప్పుకుంటే మీటర్‌కి నేనెందుకు అడ్డం?

గేర్‌షాపు: మా దగ్గర లిమిట్ మీటర్ అమ్మినవాళ్ళే పెట్టి వెళ్ళారు, వాళ్ళు తెచ్చుకున్న పీసు మీద. మా గేర్ మీద కాదు. రేపు పొద్దున మేనేజర్‌ని అడుగుతాను. అప్పటిదాకా తొట్టి కదలనివ్వను.