రైజెన్ 5500యూ, 5600యూ: ఒకే తరమైనా ఆర్కిటెక్చర్ వేరు, ఏది తీసుకోవాలి?

ఏఎండీ రైజెన్ 5000 శ్రేణి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లన్నీ ఒకే తరానివిగా కనిపించినా, 5500యూలో ఉన్నది పాత జెన్ 2 ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ లోపలి నిర్మాణం), 5600యూలో ఉన్నది దాని తర్వాతి జెన్ 3. రెండింటికీ ఆరు కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), పన్నెండు థ్రెడ్లే (ఏకకాలంలో నడిపే పనుల వరుసలు) అయినప్పటికీ, మొదటిదానిలో 8 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) మూడేసి కోర్ల రెండు గుంపుల మధ్య చీలి ఉండగా, రెండవదానిలో 16 ఎంబీ మొత్తాన్నీ ఆరు కోర్లూ ఉమ్మడిగా వాడుకుంటాయి. ఇంత తేడాను ఒక్క అంకె వెనుక దాచడం కొనేవారికి అన్యాయమని నా అభిప్రాయం.

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నాను. పెద్ద సీ++ ప్రాజెక్టులను కంపైల్ చేయడం (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం), లినక్స్ వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్‌లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే మరో కంప్యూటర్) నడపడం నా ముఖ్య అవసరాలు. ఈ రెండు ప్రాసెసర్లనూ స్వయంగా వాడినవారు కంపైల్ సమయంలో గమనించిన తేడాను దయచేసి తెలుపగలరా? ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలోని 7530యూ కూడా జెన్ 3 మీదే ఆధారపడినది కనుక, దానికోసం అదనంగా వెచ్చించడం సమంజసమేనా?