ఇంట్లో తెలుగు, స్టేషన్‌లో ఒడియా: పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసులో పిల్ల వాంగ్మూలం ఎలా రాయాలి?

గుణుపురం మాస్టారు:
ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల్లో తెలుగిళ్ళ పిల్లలకి బడిలో ఒడియా వచ్చినా, భయపడితే నోట వచ్చేది తెలుగే. వాంగ్మూలం ఒడియాలో రాసేస్తే మాట మారిపోదా? చుట్టం ఎవరైనా పక్కన కూర్చుని చెబితే సరిపోతుందా? పిల్ల మొదట టీచరుకే చెబితే ఎంతవరకు అడగొచ్చు?

సరిహద్దు వకీలు:
చుట్టం పిల్లకి తోడుగా కూర్చోవచ్చు గానీ దుబాసీగా వద్దు. 2012 పోక్సో చట్టం 26వ సెక్షన్ అవసరమైన చోట అనువాదకుడి సాయం తీసుకోవచ్చంటుంది. ఆ చట్టం కింద వచ్చిన 2020 నియమాల ప్రకారం అనువాదకుల పేర్ల జాబితా జిల్లా బాలల సంరక్షణ యూనిట్ దగ్గర ఉండాలి. డిగ్రీ అక్కర్లేదు. పిల్ల భాషా, రాష్ట్ర భాషా తెలిస్తే చాలు, ఆ ప్రాంతంలో ఉండి నేర్చుకున్నా సరే. ‘ఎవరూ దొరకలేదు’ అన్న సాకు తెలుగు వినబడే మన పర్లాకిమిడిలో చెల్లుతుందా?

పిల్ల అన్న మాట అన్నట్టే రాయాలి. తెలుగు మాట కొటేషన్ గుర్తుల్లో, పక్కన ఒడియా. మనకి మేనమామా మామే, మేనత్త మొగుడూ మామే. ఒడియాలో మొదటాయన ‘మాము’, రెండో ఆయన ‘పిఉసా’. ఆలోచించకుండా ‘మాము’ అని రాస్తే నిందితుడే మారిపోతాడు. ‘మొన్న’ కూడా అంతే. నెల కిందటిదైనా పిల్లకి మొన్నే. దాన్ని తేదీ చేసి రాస్తే వైద్య నివేదికతో పొసగదు, డిఫెన్సు పట్టుకునేది అక్కడే. వీలైతే ఆడియో, వీడియో తీయమని చట్టమే చెబుతోంది. తర్జుమా తప్పితే బయటపడేది దాంతోనే.

వీలైనంతవరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, పిల్ల ఇంట్లోనో కోరిన చోటో వాంగ్మూలం తీసుకోవాలి.

కౌన్సెలర్ పద్మ:
అడిగే తీరు గురించి. ముందు ‘తెలీకపోతే తెలీదను, నేను తప్పంటే దిద్దు’ అని చెప్పి, ‘నీకు ఇరవయ్యేళ్ళు కదూ’ అని పరీక్షించాలి. దిద్దితే దారిలో ఉన్నట్టు. తర్వాత కేసుకి సంబంధం లేని సంగతి, ఒడియావాళ్ళ రజ పండగలో ఊగిన ఉయ్యాల లాంటిది, మొదట్నుంచీ చెప్పించాలి. అది అలవాటయ్యాకే అసలు విషయం: ‘ఏం జరిగిందో చెప్పు’, ‘ఆ తర్వాత?’ ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఆ పైన. అవునా కాదా అన్నవి చిట్టచివర.

పరీక్ష దాటాక ‘కదా’ అన్న మాటే రాకూడదు. ‘మామ లోపలికి పిలిచాడు కదా’ అంటే జవాబు మనమే ఇచ్చినట్టు. ఇంకో చిక్కు ‘ఊఁ’. మన పిల్లలు కథ వింటూ ఊ కొడతారు, అది ఒప్పుకోలు కాదు. దాన్ని ‘అవును’ అని రాసిన కాగితాలు కోర్టులో నిలబడవు. అమెరికాలో పిల్లలపై లైంగిక దాడుల ఆరోపణలతో వచ్చిన కాలిఫోర్నియా మెక్‌మార్టిన్ బడి కేసు ఏళ్ళ తరబడి నడిచి, ఒక్క శిక్షా పడకుండా 1990లో ముగిసింది. పిల్లల నోట్లో మాటలు పెట్టి అడగడం అందులో పెద్ద కారణం.

సరిహద్దు వకీలు:
మాస్టారూ, మీ మూడో ప్రశ్నకి: టీచరు విచారించకూడదు. ‘ఏం జరిగిందమ్మా?’ అని ఒక్కసారి అడిగి, వచ్చిన మాటలు, సమయం విడి కాగితం మీద రాసి, పోలీసులకి చెప్పాలి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. హెడ్మాస్టరు మళ్ళీ అడగడం, నిందితుడి ఇంటికి కబురంపడం వద్దు. తెలిసీ చెప్పకపోతే ఆర్నెల్ల దాకా జైలు. మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలం (పాత సీఆర్పీసీ 164వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 183) ఎలాగూ ఉంటుంది. మీ కాగితంలో మాట, అక్కడి మాట ఒకటే అయితే చాలు, ఒడియా ఎలా వచ్చినా పిల్ల తెలుగు రికార్డులో ఉంటుంది.