అప్‌డేట్: పక్కటెముకల కింద గట్టిగా తగిలేది తలేనా?

కుడి పక్కటెముకల కింద గుండ్రంగా, గట్టిగా తగులుతోంది, తన్నులేమో పొత్తికడుపులో, బిడ్డ ఎదురుకాళ్లతో ఉందా అని 34వ వారంలో అడిగాను కదా. తలేనండి.

36వ వారంలో తిరుపతిలో చూపించుకున్నా. డాక్టరమ్మ ముందు చేత్తోనే చూశారు. పైన ఉన్నదాన్ని పట్టి కదిపితే అదొక్కటే అటూ ఇటూ ఊగింది. పిర్రలైతే కాస్త మెత్తగా ఉంటాయట, కదిపితే ఒళ్లంతా వెంట కదులుతుందట. స్కాన్‌లోనూ అదే తేలింది. మాయ ముందువైపు ఉన్నవాళ్లకు తన్నులు సరిగా తెలియవు, వాటినే నమ్ముకోవద్దన్నారు.

మా అవ్వ ఆముదం రాసి తిప్పేస్తానని చిత్తూరు నుంచి దిగింది! డాక్టరమ్మ ససేమిరా అన్నారు. తిప్పితే ఆస్పత్రిలోనే, బిడ్డ గుండె చప్పుడు చూస్తూ, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేసే వీలున్న చోటే. అదీ దాదాపు సగం మందికే ఫలిస్తుందట.

37లో ప్రయత్నించారు. నొప్పి ఓర్చుకోగలిగినంతే, కానీ బిడ్డ తిరగలేదు. 39లో సిజేరియన్ అనుకున్నాం. ఈలోగా ఉమ్మనీరు పోతే నొప్పుల కోసం ఆగకుండా వెంటనే రమ్మన్నారు, ఎదురుకాళ్ల బిడ్డకు బొడ్డుతాడు ముందే జారే ప్రమాదం ఎక్కువట.