జెండా మీద రాసిందెవరు? సినిమాకి థియరీ పాడ్‌కాస్టు అవసరమా, దండగా?

రెండుమైకులు (చర్చ మొదలుపెట్టినవారు)

నేనూ ఒక స్నేహితుడూ కలిసి తెలుగులో పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. పేరు చెప్పను, ప్రచారం అంటారు. జనం ఎగబడి చూసిన సినిమాలూ పాటలూ ప్రకటనలూ తీసుకుని, వాటిలో దాగిన భావజాలం ఏమిటో మాట్లాడుకుంటాం. జర్మన్ తత్వవేత్త అడోర్నో, ఇటలీ మార్క్సిస్టు గ్రాంషీ, బ్రిటన్ సంస్కృతి విమర్శకుడు స్టువర్ట్ హాల్, అప్పుడప్పుడు అంబేద్కర్ వస్తుంటారు.

పోయిన నెల 'ఆర్ఆర్ఆర్' (2022) చివరి ఘట్టం మీద డెబ్బై నిమిషాల ఎపిసోడ్ పెట్టాం. గుర్తుండే ఉంటుంది. అంతా అయిపోయాక నీకేం కావాలో అడగమంటాడు రామ్. భీమ్ చదువు అడుగుతాడు. రామ్ జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాస్తాడు. కొమురం భీముదిగా మనందరికీ తెలిసిన నినాదాన్ని ఆయనకే ఇంకొకరు రాసి చేతికివ్వడం ఏమిటి? మేం పట్టుకున్న పాయింటు అదే.

కామెంట్లు చదివారంటే మీకే జాలేస్తుంది. 'సినిమాని సినిమాలా చూడండ్రా బాబూ' అన్నది వాటిలో కాస్త మర్యాదైనది. అందుకే ఇక్కడ అడుగుతున్నా. మాస్ సినిమాని ఈ కళ్లద్దాలతో చూడటం పనికొచ్చే పనేనా, లేక మా సరదా కోసం జనం సరదా చెడగొడుతున్నామా? మొహమాటం లేకుండా చెప్పండి.

నేలటికెట్టు

అన్నా, మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. మాది భీమవరం. ఆ సినిమా థియేటర్లో నాలుగుసార్లు చూశా. ఇంటర్వెల్ ముందు లారీలోంచి జంతువులతోపాటు భీమ్ దూకినప్పుడు హాల్లో ఎవడూ సీట్లో లేడు. వాడిది ఏ కులం, వీడిది ఏ తెగ అని ఆ క్షణంలో ఎవడూ చూడలేదు. అది మీ డెబ్బై నిమిషాల్లో ఎక్కడా లేదు! పదిహేనో నిమిషం దాకా విన్నా. 'సంస్కృతి పరిశ్రమ ప్రేక్షకుణ్ణి వినియోగదారుడిగా కుదిస్తుంది' అన్నారు. నన్నెవడూ కుదించలేదన్నా. నా డబ్బులు, నా ఈల.

మూవియోలా_మిగిలింది

నేను ఎడిటింగ్ శాఖలో ఇరవై ఏళ్లు పనిచేశాను. ఈ పాడ్‌కాస్ట్ వాళ్లందరితోనూ నాకు ఒకటే పేచీ. ప్రతి ఫ్రేములో కుట్ర చూస్తారు. ఒకసారి హీరో డేట్లు దొరక్క డూపుని పెట్టి వెనకనుంచి లాగించేసిన షాటుంది మా సినిమాలో. దాన్ని ఒకాయన 'ముఖం లేని అధికారానికి ప్రతీక' అని పావుగంట చెప్పాడు. విని టీ ఒలకబోసుకున్నా.

పచ్చబొట్టు

మూవియోలా గారూ, డూపు సంగతి బాగుంది కానీ, ఐటమ్ పాటలో కెమెరా పాదాల దగ్గర మొదలై నడుం దగ్గర ఆగి, మొహం దగ్గరికి చిట్టచివర వస్తుందే, అది కూడా డేట్లు దొరక్కేనా?

బ్రిటిష్ సినిమా విమర్శకురాలు లారా మల్వీ 1975లో ఈ చూపు గురించి రాసింది. నేను చదివింది ముప్ఫై దాటాక. పదిహేనేళ్ల వయసులో నాన్న పక్కన కూర్చుని అలాంటి పాట చూస్తూ చున్నీ ఎందుకు సర్దుకున్నానో నాకు అప్పుడు తెలీదు. తెరమీద అమ్మాయినే కాదు, నన్నూ ఎవరో చూస్తున్నట్టుండేది. దానికో పేరుందని తెలిసినప్పుడు నా సరదా ఏం చెడలేదు. ఇప్పటికీ పాటలు వింటా, డాన్సూ చేస్తా. మల్వీ మాటే వేదమని కూడా అనను. ఆడ ప్రేక్షకుల సంగతి వదిలేసిందని నిలదీస్తే 1981లో ఆమే మళ్లీ రాయాల్సొచ్చింది.

మూవియోలా_మిగిలింది

అది డేట్లు దొరక్క కాదమ్మా, ఒప్పుకుంటున్నా. ఆ షాటు అలా తీయమని ఎవరూ చెప్పరు కూడా. అలవాటుగా అలాగే తీస్తారు.

వెన్నెల_ఎంఫిల్

'ఎవరూ చెప్పరు, అలవాటుగా తీస్తారు' అన్నారు చూశారా, భావజాలం అంటే అదే సార్. కుట్ర ఉండక్కర్లేదు. గ్రాంషీ హెజెమనీ అన్నదాన్ని మా గైడు గారు 'కొట్టకుండా ఒప్పించి ఏలడం' అని చెప్పేవారు. తెలుగులో అంతకంటే బాగా ఇంకెక్కడా వినలేదు.

అయినా నేను నేలటికెట్టు పక్షమే. రెండుమైకులు గారు అడోర్నోని తెచ్చి భీమవరం మీద పడేశారు. అడోర్నో, ఆయన సహరచయిత హోర్క్‌హైమర్ సంస్కృతి పరిశ్రమ గురించి, అంటే సినిమా, పాట ఫ్యాక్టరీ సరుకుల్లా తయారవడం గురించి, రాసింది 1940ల్లో, హిట్లర్ జర్మనీ నుంచి పారిపోయి అమెరికాలో ఉంటూ. వాళ్ల భయానికి కారణం ఉంది. రేడియో, సినిమా జనాన్ని ఎక్కడిదాకా ఈడ్చుకుపోతాయో కళ్లారా చూసినవాళ్లు. కానీ అదే అడోర్నో 1936లో జాజ్ మీద ఒక వ్యాసం రాశాడు, హెక్టర్ రాట్‌వైలర్ అనే మారుపేరుతో. (అవును, ఆయనకీ మనలాగే ఒక హ్యాండిల్ ఉండేది. అదీ కుక్క పేరు.) జాజ్‌లో స్వేచ్ఛ అంతా బూటకమని తేల్చేశాడు. నల్లవాళ్లు ఆ సంగీతంలో ఏం చెప్పుకుంటున్నారో ఆయన చెవికి ఎక్కలేదు. సిద్ధాంతం పదునుగానే ఉంది, చెవే మూసుకుపోయింది.

మన దగ్గర ఈ పని వేరే దారిలో జరిగింది. ఎస్.వి. శ్రీనివాస్ తొంభైల నుంచీ తెలుగు అభిమాన సంఘాల మీద పరిశోధన చేశారు. అభిమాని భక్తి గుడ్డిది కాదు, దానికి షరతులుంటాయి, హీరో తాము అనుకున్నట్టు ఉండకపోతే అభిమానే తిరగబడతాడు అన్నది ఆయన వాదంలో ముఖ్యమైన సంగతి. చిరంజీవి మీద ఆయన పుస్తకం 2009లో వచ్చింది. 1982లో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన నటుణ్ణి చూసిన నేల ఇది. ఇక్కడ తెరకీ ఓటుకీ మధ్య ఏం జరిగిందో తేల్చుకోవాలంటే అడోర్నో వాళ్ల ఫ్రాంక్‌ఫర్ట్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో బోలెడు పని జరిగింది. అది మీ ఎపిసోడ్లో ఒక్క నిమిషం కూడా లేదు.

నేలటికెట్టు

వెన్నెల గారూ, థ్యాంక్సండి. 'షరతులున్న భక్తి', కరెక్టుగా అదే. ఫ్లాపు పడితే మేం తిట్టే తిట్లు ఆ జర్మనీ ఆయన వినుంటే వ్యాసం మార్చి రాసేవాడు.

ఫిల్టర్‌కాఫీ

రచయిత చచ్చిపోయాడని, అంటే రాసినవాడి ఉద్దేశంతో పనిలేదని, ఫ్రెంచ్ విమర్శకుడు బార్త్ 1967లో అన్నాడుగా, ఇంక డూపు షాటు ఎవరు ఎందుకు తీస్తేనేం.

మూవియోలా_మిగిలింది

రచయిత చచ్చిపోతే బ్యాలెన్స్ పేమెంటు ఎవరికివ్వాలో అది కూడా చెప్పమనండి ఆయన్ని.

పచ్చబొట్టు

బార్త్ ముందు రాసిన కుస్తీ వ్యాసం ఈ చర్చకి ఇంకా బాగా పనికొస్తుంది. 1957 నాటి పుస్తకంలో ఉంది. కుస్తీ ముందే మాట్లాడుకుని ఆడేదా కాదా అన్నది చూసేవాళ్లకి లెక్కలేదు, బాధ, ఓటమి, న్యాయం కళ్లకు కట్టాలి, వాళ్లకి కావాల్సింది అదే అంటాడు. మన ఇంటర్వెల్ ఫైటు గురించి ఇంతకంటే చక్కగా ఎవరు చెప్పారు? 'సినిమాని సినిమాలా చూడండి' అనేవాళ్లు నిజానికి బార్త్ శిష్యులే. ఆయన ఆ మాట అనేసి ఊరుకోలేదు, వివరించాడు, అంతే తేడా.

రెండుమైకులు

అందరికీ నమస్కారం. వెన్నెల గారి దెబ్బ గట్టిగానే తగిలింది, ఒప్పుకుంటున్నా. ఒక సంగతి మాత్రం మా తరఫున చెప్పుకోవాలి. థియరీని మైకు ముందు మాట్లాడటం మేం కనిపెట్టిన వేషం కాదు. జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ 1920ల చివర్నుంచి 1933 మొదలు దాకా బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ రేడియోల్లో మాట్లాడాడు. అందులో పిల్లల కార్యక్రమాలే బోలెడు: లిస్బన్ భూకంపం, పాంపే, బెర్లిన్ వీధి యాస, తోలుబొమ్మల్లాంటి ఆటలు. ఒక్క బరువు మాట లేకుండా చెప్పేవాడు. రేడియో గొంతు ఇంటికొచ్చిన చుట్టంలాంటిది, గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంట్లోవాళ్లు దాన్ని తూచేస్తారు అన్న అర్థం వచ్చేలా రాశాడు కూడా. రేడియో అంటే మండిపడ్డ అడోర్నో సైతం యుద్ధం తర్వాత జర్మనీలో రేడియోలో తెగ మాట్లాడాడు.

ఇంకోటి కూడా చెప్పేస్తా, దాచుకోవడం ఎందుకు. ఇంత గొడవకీ మూలం ఎపిసోడ్ కాదు, రీలు. నలభై సెకన్ల ముక్క కోసి పెట్టాం. అందులో నా గొంతు 'ఈ సినిమా ఆదివాసీని నిరక్షరాస్యుణ్ణి చేసి అవమానించింది' అంటుంది. దానికి ముందు ఆరు నిమిషాలు అవతలి వాదన కూడా చెప్పాను. ఇది కల్పన అని సినిమావాళ్లే మొదట వేశారు, చదువు అడగడం హక్కు అడగడం కూడా అవుతుంది అని. అది కోసేశాం. నచ్చినదే ఉంచాం.

1938లో అమెరికా చేరిన అడోర్నో అక్కడ ఒక రేడియో పరిశోధనలో పనిచేస్తూ, రేడియోలో సింఫనీ వినేవాడికి మొత్తం అల్లిక అందదు, గుర్తుండే నాలుగు ముక్కలే మిగులుతాయి అన్నాడు. దాని మీద మేం ఒక ఎపిసోడే చేశాం. తర్వాత దానికీ రీలు కోశాం.

నేలటికెట్టు

😂 అన్నా ఇది చాలు. నేను రీలు చూసే తిట్టా. సారీ.

ఇప్పపువ్వు

నేను ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ దిక్కు బళ్లె పంతులును, గోండు మనిషిని. తమ్మీ, మీ ఎపిసోడ్ మొత్తం విన్న, రీలు కాదు. బస్సుల పోవుడు రావుడుకు సరిపోయింది.

సినిమా మీద మీరు అడిగిన ప్రశ్న మంచిదే. కానీ నేను ఒక లెక్క రాసుకున్న. గాయత్రీ స్పివాక్ మీద, అణగారినోళ్లు మాట్లాడగలరా అనే ఆమె వ్యాసం మీద ఇరవై ఒక్క నిమిషం. గుంజాల మీద సున్న. మీకు గుంజాల తెలుసా? నార్నూర్ మండలంల ఊరు. అక్కడ మా లిపిల రాసిన పాత రాతప్రతులు దొరికినయ్. హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్లు వచ్చి చూసిండ్రు, ఊరోళ్లు పిల్లలకు నేర్పవట్టిండ్రు. 2018ల ఆ లిపి యూనికోడ్‌లకు, అంటే కంప్యూటర్లు గుర్తువట్టే అక్షరాల పట్టీలకు, కూడ ఎక్కింది. సినిమా వచ్చింది 2022ల. అంటే భీము చేతికి వేరేటోడు అక్షరం ఇచ్చే సీను తీసేటప్పటికే మా అక్షరాలు ఫోన్లకు, కంప్యూటర్లకు ఎక్కేతందుకు తయారుగున్నయ్. మీ వాదనకు ఇంతకన్న పెద్ద సాక్ష్యం ఉంటదా? అది ఇడిసిపెట్టి ఎక్కడెక్కడికో పోయి వచ్చిండ్రు.

భీముకు చదువు రాదన్నది కూడ మీరు సినిమా మాటనే పట్టుకున్నరు. ఆయన చాందా (చంద్రపూర్) దిక్కు పోయి చదువు రాత నేర్చుకున్నడని ఆయన కథ చెప్పేటోళ్లు చెప్తనే ఉంటరు. 'అవమానించింది' అని మీరు అన్నరు గని, ఆయన చదువుకున్నోడు అని ఒక్కసారి అనలే.

ఇంగ ఒక్క మాట, ఇది మీకు ఇబ్బంది పెట్టే మాట. 1940 సంవత్సరంల భీము చనిపోయినంక నిజాం సర్కారు హైమండార్ఫ్ దొరను, గిరిజనుల బతుకు మీద పరిశోధన చేసే ఆస్ట్రియా ఆయనను, మా దిక్కు పెట్టింది. మా ఊర్లకు దగ్గరనే మార్లవాయిల ఉండి, గోండు పంతుళ్లను తయారు జేసే బడి నడిపించిండు, గోండీల వాచకాలు ఏపిచ్చిండు. ఆయన బయిటోడే. కానీ మార్లవాయిల ఆయన సమాధికి ఇప్పటికి మొక్కుతరు. అంటే బయిటోడు అక్షరం తెచ్చుడు అంతా ఒక్క తీరు ఉండది. ఎవరి భాషల తెచ్చిండు, ఎవరిని పంతులు చేసిండు అన్నది చూడాలె. మీ థియరీల దీనికి జాగ ఉన్నదో లేదో నాకు తెల్వది. నేనైతే సినిమాల పాటకు మా పిల్లలతోని ఎగిరిన. తర్వాత బళ్లె వాళ్లనే అడిగిన, జెండా మీద మన లిపిల రాస్తే ఎట్లుంటదని. నలుగురు బోర్డు మీద రాసి చూపిచ్చిండ్రు.

పచ్చబొట్టు

సార్, ఇది చదివి కాసేపు ఏం టైపు చేయాలో తోచలేదు.

వెన్నెల_ఎంఫిల్

నేను పైన ఫ్రాంక్‌ఫర్ట్ వద్దు, హైదరాబాద్ అన్నాను. నేనూ అక్కడే ఆగిపోయాను. ఆసిఫాబాద్ దాకా రాలేదు.

మూవియోలా_మిగిలింది

పంతులు గారు చెప్పింది నా భాషలో చెప్తా. రషెస్, అంటే తీసిన అసలు ఫుటేజీ, అంతా ఇక్కడే పడి ఉంది. వీళ్లు విదేశీ స్టాక్ ఫుటేజీతో సీను నింపారు.

రెండుమైకులు

సార్, తప్పు మాదే. గుంజాల పేరు మాకు తెలీదు, తెలుసని అబద్ధం ఆడను. ఇంకో ఎపిసోడ్ చేస్తాం. మీరు మాట్లాడతారా? మేమే అక్కడికి వస్తాం, రికార్డర్ తెచ్చుకుంటాం.

ఇప్పపువ్వు

రండి. కానీ అతిథి లెక్క నన్ను కూసోబెట్టి నలభై నిమిషాలు మీరే మాట్లాడుడు వద్దు. సగం గోండీల ఉంటది. తెలుగు నేను చెప్త, మీరు కోసుడు వద్దు. పిల్లలు కూడ ఉంటరు, వాళ్లు లొల్లి చేస్తరు, ఆ లొల్లి కూడ ఉంచాలె.

రెండుమైకులు

ఒప్పుకున్నాం. గోండీ భాగం అర్థం కానివాళ్లు ఆపేసి వెళ్లిపోతారని మా మిత్రుడు భయపడుతున్నాడు. పోతే పోనీ అన్నా.

నేలటికెట్టు

నేను వింటానన్నా. ఆ పాట డాన్సు కూడా పెట్టించండి.

ఇప్పపువ్వు

ముందుగాల ఆ రీలు తీసెయ్యి తమ్మీ.

రెండుమైకులు

పొద్దున్నే తీసేశాం సార్.

ఇప్పపువ్వు

మా స్టాఫ్‌రూముల ఇప్పుడే ఒకాయన చూపెట్టిండు. మీ పేరు లేదు, కింద వేరేటోళ్ల పేరున్నది. గొంతు మాత్రం నీదే.