పదిహేనేళ్ల రన్నర్‌కు ప్రోటీన్ పౌడర్లు, ఐరన్ మాత్రలు అవసరమా?

ప్రశ్న (ఒక తల్లి, తార్నాక)

మా అమ్మాయికి పదిహేనేళ్లు. పదో తరగతి చదువుతూ 1500, 3000 మీటర్ల పరుగులో రాష్ట్ర స్థాయి పోటీలకు వెళ్తోంది. రోజూ తెల్లవారుజామున ఉస్మానియా విశ్వవిద్యాలయం మైదానంలోనూ, ఆదివారాలు గచ్చిబౌలి స్టేడియం ట్రాక్ మీదా సాధన చేస్తుంది. వేసవి సెలవుల తరువాత ఆమె టైమింగ్ మెరుగుపడటం ఆగిపోయింది. చివరి రెండు రౌండ్లు వచ్చేసరికి కాళ్లు బరువెక్కిపోతున్నాయని, మెట్లెక్కినా ఆయాసం వస్తోందని చెబుతోంది. సాధన చేయించే సార్ ఒక చీటీ మీద వే ప్రోటీన్, బీసీఏఏ, క్రియాటిన్, పరుగుకు ముందు తాగే ప్రీ వర్కవుట్ పౌడర్, ఐరన్ మాత్రలు అని రాసిచ్చారు. సార్ పిల్లల మేలు కోరే మనిషే, ఆయన మాట తీసేయాలన్నది నా ఉద్దేశం కాదు. కానీ ఎదిగే వయసు పిల్లకు ఇన్ని పౌడర్లు ఒకేసారి మొదలుపెట్టడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

తిండి సంగతి కూడా చెబుతాను. మైదానానికి వెళ్లే ముందు పాలు తాగుతుంది. తిరిగి వచ్చాక స్కూలు బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో రెండు ఇడ్లీలు తింటుంది. మధ్యాహ్నం బాక్సులో సగం అన్నం అలాగే వెనక్కి తెస్తుంది. రాత్రి ట్యూషన్ అయ్యాక పప్పన్నం, పెరుగన్నం. గుడ్డు ఇష్టమే కానీ రోజూ తినదు, మాంసం ఆదివారం మాత్రమే. ఈ మందులు, పౌడర్లలో దేనివల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందో, దేనికి దూరంగా ఉండాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (పోషకాహార నిపుణురాలు, సికింద్రాబాద్)

అమ్మా, మీరు తిండి వివరాలు రాయడం మంచిదైంది, ఎందుకంటే చీటీలో రాసిన వాటికన్నా ముందు మాట్లాడుకోవలసింది ఆ బాక్సులో మిగిలిపోతున్న అన్నం గురించే. 13 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు సుమారు 2400 కిలోక్యాలరీలు కావాలని మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. మీ అమ్మాయి సాధన భారం ఎక్కువ కాబట్టి ఆమెకు అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. మీరు చెప్పిన తిండి దానికి చాలా తక్కువ. శరీరానికి అందే శక్తే సరిపోనప్పుడు పైనుంచి వేసిన ప్రోటీన్‌లో కొంత కండరానికి చేరకుండా ఇంధనంగా కాలిపోతుంది.

ఇక వే ప్రోటీన్, అంటే పాల నుంచి తీసే ప్రోటీన్ పౌడర్. దూరపు పరుగు తీసేవారికి కిలో బరువుకు సుమారు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ చాలునని క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. 45 కిలోల పిల్లకు ఆ లెక్కన 54 నుంచి 72 గ్రాములు. ఒక స్కూప్ పౌడర్‌లో ఇరవై, పాతిక గ్రాములు ఉంటాయని డబ్బా మీద గొప్పగా రాస్తారు గాని, రెండు ఉడికించిన గుడ్లు, ఒక పెద్ద గ్లాసు పాలు కలిస్తే దాదాపు 20 గ్రాములు వచ్చేస్తాయి. వాటితో పాటు కాల్షియం, ఇతర విటమిన్లు కూడా వస్తాయి. పప్పు, పెరుగు, ఉడికించిన శనగలు, పల్లీలు చేర్చుకుంటే మిగతాది ఇంటి తిండిలోనే పూర్తవుతుంది. కండలు పెంచడానికి ప్రోటీన్ పౌడర్లు వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ స్పష్టంగా ఉంది. తగినంత ప్రోటీన్ తినే పిల్లకు బీసీఏఏ, అంటే ప్రోటీన్‌లోనే ఉండే కొన్ని అమైనో ఆమ్లాల పౌడర్ వల్ల అదనంగా ఒరిగేది ఏమీ లేదు.

మీరు మార్చవలసింది సాధన తరువాతి గంట. మైదానం నుంచి బయటికి రాగానే బస్సు కోసం ఎదురుచూడకుండా తినగలిగేది ఏదైనా సంచిలో పెట్టండి. అరటిపండు, బెల్లంతో చేసిన పల్లీ పట్టీ, ఒక డబ్బాలో చిక్కటి రాగి జావ ఉంటే చాలు. వంద గ్రాముల రాగి పిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ఈ వయసు పిల్లకు రోజుకు కావలసింది దాదాపు 1000. ఇంకొకటి, దయచేసి ఏమీ అనుకోకుండా చెప్పండి: అమ్మాయికి నెలసరి సక్రమంగా వస్తోందా? ఎప్పుడైనా రక్త పరీక్ష చేయించారా?

జవాబు (పూర్వ రన్నర్, ప్రస్తుతం పాఠశాల పిల్లలకు శిక్షణ ఇచ్చే వ్యక్తి, ఎల్.బి. స్టేడియం)

తిండి గురించి పైన చెప్పిన ప్రతి మాటతో ఏకీభవిస్తూ, డోపింగ్ విషయం ఒకటి చెప్పాలి. తల్లిదండ్రుల్లో చాలామందికి ఇది ఆటగాడు పట్టుబడ్డాక మాత్రమే తెలుస్తుంది. డోపింగ్ నిబంధనల్లో పూర్తి బాధ్యత క్రీడాకారుడిదే. ఎవరు ఇచ్చారు, తెలిసి తాగిందా తెలియక తాగిందా అన్నది శిక్ష తగ్గించడానికి పనికిరావచ్చు గాని, శాంపిల్‌లో నిషిద్ధ పదార్థం దొరికితే తప్పు నమోదవుతుంది. పదహారేళ్ల లోపు పిల్లలకు నిబంధనల్లో కొంత వెసులుబాటు ఉన్నా పరీక్ష నుంచి మినహాయింపు లేదు, ఫలితం రద్దయ్యే అవకాశం ఎలాగూ ఉంటుంది.

మన దేశంలోనే దీనికి ఉదాహరణ ఉంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మహిళల 4×400 మీటర్ల రిలేలో స్వర్ణం తెచ్చిన జట్టులోని ముగ్గురు 2011లో కండలు పెంచే అనబాలిక్ స్టెరాయిడ్ల పరీక్షలో దొరికారు. కోచ్ చైనా నుంచి తెప్పించి ఇచ్చిన జిన్సెంగ్ మాత్రల ద్వారానే ఆ పదార్థం ఒంట్లోకి వచ్చిందని వారు వాదించారు. మొదట ఏడాది నిషేధం పడింది, తరువాత 2012లో అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాన్ని రెండేళ్లకు పెంచింది. జాతీయ శిబిరంలో ఉన్నవారి పరిస్థితే అలా అయితే, కోఠీలోనో ఆన్‌లైన్‌లోనో కొన్న డబ్బాను మనం ఏ ధైర్యంతో నమ్ముతాం?

చీటీలోని నాలుగు పౌడర్లలో నాకు ఎక్కువ భయం కలిగించేది ప్రీ వర్కవుట్. డబ్బా వెనుక 'ప్రొప్రైటరీ బ్లెండ్' అని రాసి, ఏ పదార్థం ఎంత మోతాదులో ఉందో చెప్పనివి వీటిలోనే ఎక్కువగా కనిపిస్తాయి. డీఎంఏఏ అనే ఉత్ప్రేరకాన్ని జెరానియం సారం పేరుతో ఇలాంటి పౌడర్లలో కలిపిన సందర్భాలు ఉన్నాయి, అది పోటీ సమయంలో నిషిద్ధం. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్స్ సంఖ్య ఉన్నంత మాత్రాన డోపింగ్ పదార్థం లేదని అర్థం కాదు, అది ఆహార వ్యాపార అనుమతి మాత్రమే. ఇక ఆ పౌడర్‌లో ఉండే కెఫీన్ సంగతి. ఒంట్లోకి చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం సాధనకు ముందు తాగిన పిల్ల రాత్రి పదకొండు దాటినా నిద్రపోదు, తెల్లవారుజామున మళ్లీ మైదానానికి రావాలి. ఆ నిద్రలోనే కదా శరీరం కోలుకునేది?

కండరాలకు అప్పటికప్పుడు శక్తి అందించడంలో తోడ్పడే క్రియాటిన్ గురించి ఒక్క మాట. అది చిన్న చిన్న వేగపు పరుగులను పదేపదే తీసేవారికి ఉపయోగపడుతుందని పెద్దవారి మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఒంట్లో నీరు చేరి బరువు పెరుగుతుంది, 3000 మీటర్లు పరిగెత్తే సన్నటి పిల్లకు అది లాభం కాదు. పద్దెనిమిదేళ్ల లోపు వారికి దాన్ని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సిఫారసు చేయదు.

ప్రశ్న అడిగిన తల్లి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నెలసరి మూడు నెలలుగా రాలేదు. సాధన ఎక్కువగా చేసేవారికి ఇది మామూలేనని తోటి పిల్లల తల్లులు అన్నారు, అందుకే పట్టించుకోలేదు. క్రితం ఏడాది స్కూల్లో పరీక్ష చేసినప్పుడు హిమోగ్లోబిన్ 12.4 ఉంది, రక్తం బాగానే ఉందన్నారు. ఈ మధ్య కుడి కాలి ముందు ఎముక మీద ఒకచోట వేలితో నొక్కితే నొప్పి అంటోంది. ఐరన్ మాత్రలు మాత్రం ఇవ్వవచ్చు కదా, ప్రభుత్వ బడుల్లో అందరికీ ఇస్తున్నారు కదా?

జవాబు (పిల్లల వైద్యుడు, హైదరాబాద్)

అమ్మా, ముందు ఆ ఎముక నొప్పి సంగతి. ఒకే చోట నొక్కితే నొప్పి రావడం, నెలసరి ఆగడం, తిండి చాలకపోవడం, ఈ మూడూ కలిసి ఉన్నప్పుడు ఎముకలో సన్నటి పగులు మొదలై ఉండవచ్చునని అనుమానించాలి. ఇలాంటి పగులు తొలి వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, అవసరమైతే ఎంఆర్‌ఐ తీయిస్తారు. ఎముకల వైద్యుడికి చూపించేవరకు పరుగు ఆపించండి, ఈ వారం పోటీ ఉన్నా సరే. క్రీడాకారిణులకు నెలసరి ఆగడం మామూలు అన్న మాట మన మైదానాల్లో చాలాకాలంగా నడుస్తోంది, అది తప్పు. చేసే సాధనకు సరిపడా శక్తి తిండి ద్వారా అందకపోతే శరీరం ముందుగా సంతానోత్పత్తి హార్మోన్లను, ఎముకల ఎదుగుదలను తగ్గించుకుంటుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు) అని పేరు పెట్టింది, మగపిల్లల్లోనూ ఇది కనిపిస్తుంది. ఎముక బలం ఎక్కువగా చేరేది ఈ వయసులోనే కాబట్టి వాయిదా వేయకూడదు. నెలసరి ఆగడానికి థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని కూడా పరీక్షలతో తేల్చుకోవాలి.

ఇప్పుడు ఐరన్. 12.4 హిమోగ్లోబిన్ రక్తహీనత కాదు, అందులో సందేహం లేదు. అయితే ఒంట్లోని ఐరన్ నిల్వలు తగ్గడం ముందు జరుగుతుంది, హిమోగ్లోబిన్ పడిపోవడం ఆ తరువాతి మెట్టు, పైగా మీది ఏడాది కిందటి అంకె. నిల్వలు తెలియాలంటే ఫెర్రిటిన్ పరీక్ష చేయించాలి. అది లీటరుకు 15 మైక్రోగ్రాముల కన్నా తక్కువైతే లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దూరపు పరుగు తీసే పిల్లల్లో 30 లోపు ఉన్నా వైద్యులు గమనించి చూస్తారు. జ్వరం, వాపు ఉన్నప్పుడూ, కఠినమైన సాధన చేసిన వెంటనేనూ ఫెర్రిటిన్ అసలుకన్నా ఎక్కువ చూపవచ్చు. కాబట్టి విశ్రాంతి రోజు మరుసటి ఉదయం రక్తం ఇవ్వండి. హిమోగ్లోబిన్, విటమిన్ డి కూడా అదే శాంపిల్‌తో చూపించుకోవచ్చు.

ప్రభుత్వ బడుల్లో ఇచ్చే నీలం మాత్ర వారానికి ఒకటే, లోపం విస్తృతంగా ఉన్న సమాజంలో దాన్ని నివారించడానికి ఉద్దేశించినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది కాబట్టి ఆ పథకం అవసరమే. రోజూ వేసుకునే మందు మోతాదు వేరు, అది పరీక్ష చూశాకే మొదలుపెట్టాలి. నిల్వలు సరిగా ఉన్న పిల్లకు ఐరన్ ఇస్తే పరుగు మెరుగుపడదు, మలబద్ధకం, కడుపునొప్పి మాత్రం వస్తాయి. లోపం ఉన్న పిల్లకు ఇస్తే మాత్రం తేడా స్పష్టంగా కనిపిస్తుంది, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో నేను సంతోషంగా చూసే మార్పుల్లో అదొకటి. మందు రాసినప్పుడు ఉదయాన్నే నిమ్మరసంతోనో జామపండుతోనో వేయించండి, ఆ ముందూ వెనకా గంటసేపు టీ, పాలు వద్దు. సాధన ముగిసిన మూడు నుంచి ఆరు గంటల వరకు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి ఐరన్ ఒంటికి పట్టకుండా చేస్తుంది. అందుకే మధ్యాహ్నానికి వాయిదా వేయకండి. రోజు విడిచి రోజు వేసుకున్నా చాలామందికి బాగానే పడుతుంది, దాన్ని మీ వైద్యుడు నిర్ణయిస్తారు. రెండు మూడు నెలలకు ఫెర్రిటిన్ మళ్లీ చూడాలి.

ప్రశ్న అడిగిన తల్లి

పరుగు ఈ రోజు నుంచే ఆపించాను, ఎముకల వైద్యుడి దగ్గర శనివారానికి సమయం దొరికింది. సార్‌కు ఏమని చెప్పాలో తోచడం లేదు. ఆయన చీటీని పక్కన పెట్టేశామని నొచ్చుకుంటారేమో.

జవాబు (ఎల్.బి. స్టేడియం)

చీటీ గురించి అసలు ఎత్తవద్దు. నెలసరి, ఎముక నొప్పి సంగతి సూటిగా చెప్పి, వైద్యుడు రాసిన కాగితం చేతికివ్వండి. మగ కోచ్‌లతో ఈ మాటలు మాట్లాడటానికి పిల్లలూ తల్లులూ మొహమాటపడతారు, కాబట్టి ఆయనకు ఇంతవరకు ఈ విషయం తెలిసి ఉండదు. పిల్లల మేలు కోరే మనిషని మీరే అన్నారు. అలాంటి మనిషి ఆ కాగితం చూశాక పౌడర్ల మాట తనంతట తానే వదిలేస్తారు. ఆ తరువాత ఎప్పుడైనా వైద్యుడు ఏ మందు రాసినా, అది పోటీల్లో అనుమతించినదో కాదో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ అయిన నాడా వారి మందుల యాప్‌లో సార్, మీరు కలిసి చూసుకోండి. ఎముక నయమయ్యాక తిరిగి పరుగు మొదలుపెట్టేటప్పుడు ఏ వారం ఎంత దూరమో వైద్యుడి చేత రాయించి తీసుకెళ్లండి, సార్ దాని ప్రకారమే ప్రణాళిక వేస్తారు.