‘రెప్పపాటు’లో ‘పాటు’ దేనికి?

ప్రశ్న: ఫొటోలు తీయడం నేర్పిన పెద్దాయన మాట ఒకటి సగమే గుర్తుండి నన్ను వేధిస్తోంది: “ఇంట్లో పిల్లిని పట్టాలంటే ముందు రెప్పపాటు కుదుర్చుకో, వెలుగు సంగతి తరవాత చూడు.” ఆయన అన్నది ‘రెప్పపాటో’, ‘రెప్పవాటో’ తేలడం లేదు. కెమెరాలో వెలుగును లోపలికి వదిలే తలుపు, అంటే షట్టర్, తెరిచి ఉండే వ్యవధికి ఈ మాట చెల్లుతుందా?

సమాధానం 1: ‘రెప్ప’ ప్రథమాంతం (ప్రథమా విభక్తిలోని మాట) కనుక గసడదవాదేశం (తరవాతి క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారడం) చేసి ‘వాటు’ అన్నా తప్పుపట్టలేము, ‘ఏర్పాటు’లో నిలిచిన పకారమే ‘అలవాటు’లో వకారమైంది గదా. అయినా వాడుకలో స్థిరపడింది ‘పాటు’. చెడు–చేటు వలెనే పడు–పాటు. కాబట్టి ఇది రెప్ప పడడమనే పనిని చెప్పే మాటే గాని కాలమానం కాదు.

సమాధానం 2: అయ్యా, ‘గంటపాటు’ అన్నప్పుడు పడేది ఏమిటి? అక్కడ వ్యవధి తప్ప మరో అర్థం లేదు. నా అభ్యంతరం కొలత గురించి. మనిషి రెప్ప పడి లేవడానికి తక్కువలో తక్కువ సెకనులో పదో వంతు పడుతుంది. బంతి మీదికి దూకే పిల్లిని చెదరకుండా తీయడానికి షట్టర్ 1/500 సెకను తెరిచి ఉండాలి, అంటే ఒక్క రెప్పపాటులో అటువంటివి 50 ఇముడుతాయి. నేను 1/60 సెకను దగ్గర తీసిన చిత్రంలో మా పిల్లి మీసాలు వెంట్రుక వెంట్రుకగా కనిపిస్తున్నా, ఎత్తిన ముందుకాలు మాత్రం పొగలా చెదిరిపోయింది.

సమాధానం 3: కొలత మారితే మాట చెడదు. 18 నిమేషాలు (రెప్పపాట్లు) ఒక కాష్ఠ అనే కాలమానమని సంస్కృత నిఘంటువు అమరకోశం లెక్క. ఆ రెప్పపాటే మన నోట ‘నిమిషమై’ 60 సెకన్లకు సాగింది. సాగినది సమ్మతమైనప్పుడు కుదిసినది ఎందుకు కాకూడదు? అసలు చిక్కు వేరే ఉంది. రెప్ప పడితే కంటికి చీకటి. కెమెరాలో మనం లెక్కపెట్టేది రెప్ప ఎత్తి ఉన్న కాలాన్ని. నన్నయ్య తెనిగించిన నలోపాఖ్యానంలో దమయంతి దేవతలను పోల్చుకున్నది వారి రెప్పపాటు లేని కన్నులను బట్టే. ఆ అనిమిషత్వం, అంటే రెప్ప వేయకపోవడం, దేవతలకు శోభే గాని, కెమెరా కన్ను ఎంతసేపు తెరిచి ఉంటే పరుగెత్తే జంతువు అంతగా అలుక్కుపోతుంది.

సమాధానం 1: నన్నయ్యను తెచ్చారు గనుక సంతోషమే, కాని అనిమిషుల కన్ను ఎన్నడూ మూయనిది, షట్టరు తెరిచి మళ్లీ మూసేది. పోలిక సగమే నిలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఈ చర్చ చదివాక కెమెరా తీసి, కిటికీ పక్కన లెన్సు రంధ్రాన్ని బాగా వెడల్పుగా, ఎఫ్/1.8 దగ్గర ఉంచి చూశాను. 1/250 నుంచి 1/500కు పోగానే వెలుగు సగమైంది, వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రతను చెప్పే ఐఎస్ఓ 1600ను 3200 చేస్తే సరిపోయింది. చిత్రంలో కాస్త గరుకు వచ్చింది. దానిని తరవాత నునుపు చేయవచ్చు, చెదిరిన కాలిని మళ్లీ తేలేము. పెద్దాయన వెలుగును రెండో స్థానంలో ఎందుకు ఉంచారో తెలిసింది. అయితే ‘పా’, ‘వా’ల మాట అటుంచి, ఆయన ‘కుదుర్చుకో’ అన్నారా, ‘కుదించుకో’ అన్నారా అని ఇప్పుడు కొత్త సందేహం పట్టుకుంది.