‘మైనర్ నైన్త్’లో మైనర్ అయినది ఏ స్వరం?

కొన్ని స్వరాలను ఒకేసారి పలికించడాన్ని ‘కార్డ్’ అంటారు. అందులో ఒకటైన ‘మైనర్ నైన్త్ కార్డ్’కు ‘లఘు నవమ స్వరమేళం’ అన్న తెలుగు మాటను నిన్న ఒక మిత్రులు ఇక్కడ ప్రతిపాదించారు. హనుమకొండలో పిల్లలకు గిటార్ నేర్పుతున్న నాకు ‘స్వరమేళం’ ఎంతో నచ్చింది గాని, ‘లఘు’ వెళ్లి నవమానికి అంటుకోవడం వల్ల అర్థం మారిపోతున్నది. ఆ పేరులోని మైనర్ గాంధారానికి సంబంధించిన మాట.

పాశ్చాత్య స్వరమైన ‘ఎ’ను షడ్జంగా తీసుకుంటే ఎ మైనర్ నైన్త్‌లో షడ్జం, సాధారణ గాంధారం, పంచమం, కైశికి నిషాదం, వాటిపైన తారస్థాయి చతుశ్రుతి రిషభం ఉంటాయి. (తారస్థాయి అంటే పై స్థాయి.) మేజర్ నైన్త్‌లోనూ రిషభం ఇదే. ‘లఘు నవమం’ అని చదివిన విద్యార్థి దానికన్నా కాస్త కిందిదైన శుద్ధ రిషభం మీద వేలు పెడితే తప్పు వాడిది కాదు, మనం పెట్టిన పేరుది.

నైన్త్, ఇలెవెన్త్, థర్టీన్త్ అన్న పేర్లలోని అంకెల్లోంచి ఏడు తీసివేస్తే స్వరం తెలుస్తుంది: 9 రిషభం, 11 మధ్యమం, 13 ధైవతం. జాజ్‌లో ఆ ధైవతం చతుశ్రుతి, మధ్యమం శుద్ధం కనుక, మైనర్ థర్టీన్త్‌ను పూర్తిగా పేర్చితే కర్ణాటక సంగీతంలో 22వ మేళకర్త (మూల రాగం) అయిన ఖరహరప్రియ స్వరాలు ఏడూ ఒక్కసారిగా పలుకుతాయి. ఈ పేర్లలో మైనర్ అన్నది గాంధారం గురించే కనుక ‘సాధారణ గాంధార నవమం’, ‘సాధారణ గాంధార ఏకాదశం’ అనడం పొడవైనా స్పష్టమని నా అభిప్రాయం.

ఇక తీగల మీద వేళ్లు నిలిపే తీరుకు కొత్త మాట అక్కరలేదు. మా పిల్లలు ‘కార్డ్ పట్టుడు’ అంటారు. అందులోని ‘పట్టు’ చాలు. చూపుడువేలిని ఐదవ మెట్టు (ఫ్రెట్) దగ్గర ఆరు తీగలకూ అడ్డంగా అదిమితే లావు తీగ నుండి వరుసగా షడ్జం, మధ్యమం, నిషాదం, గాంధారం, పంచమం, షడ్జం వస్తాయి. అన్నిటికన్నా సన్నని తీగను చిటికెనవేలితో ఏడవ మెట్టు వద్ద నొక్కితే చివరి షడ్జం స్థానంలో రిషభం చేరి, ఎ మైనర్ ఇలెవెన్త్ ఏ లోటూ లేకుండా పలుకుతుంది. ఇంత సులభమైన పట్టుకు ఇంత నిండైన నాదం రావడం నాకు ఇప్పటికీ ఆనందమే.

ఏడు స్వరాలు ఆరు తీగలకు ఎలా సరిపోతాయని కింద ఒకరు అడిగారు. సరిపోవు, థర్టీన్త్‌లో సాధారణంగా పంచమాన్ని, తరచుగా మధ్యమాన్ని కూడా వదిలేస్తారు. షడ్జపు తీగ మోగినప్పుడే దానితోపాటే పుట్టే పై స్వరాల్లో (ఓవర్‌టోన్లలో) పంచమం సన్నగా వినిపిస్తుంది కనుక దాని లోటు అంతగా తెలియదు. గాంధార నిషాదాలను మాత్రం వదలకూడదు, ఎందుకంటే అది మైనరని చెవికి చెప్పేది ఆ గాంధారమే.